తలనొప్పి: లేదు

మార్చి 3, సోమవారం

వదినకి,

ఉత్తరం చూసి హడలిపోకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నా ఫోన్ సంగతి నీకు తెలియంది కాదు. రెండు చేతులూ కుట్టుమిషన్ మీదే ఉంటాయి కాబట్టి అది పొద్దస్తమానం స్పీకర్లోనే ఉంటుంది. నువ్వు "ఏమ్మా, బాగున్నావా" అంటే కొలతలిద్దామని షాపుకొచ్చిన ముగ్గురూ కలిసి "బాగున్నాం" అంటారు. ఇది అలా మాట్లాడుకునే విషయం కాదు.

సంగతేమిటంటే, నా మాత్రలు. చిన్నది పుట్టాక ఇక పిల్లలు చాలనుకుని మొదలుపెట్టాను, ఎనిమిదేళ్ళయింది. మందుల షాపుకి వెళ్ళడం, చీటీ చూపించడం, అట్ట తెచ్చుకోవడం. ఇన్నేళ్ళూ ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. మొన్న ఆ షాపులో అమ్మాయి కంప్యూటర్లోకి చూసి, "మీకు రివ్యూ పెండింగ్ ఉందండీ, క్లినిక్‌కి వెళ్ళొస్తేగానీ ఇవ్వడానికి లేదు" అంది. అంత గట్టిగా! నా వెనకాల మా పెద్దాడి లెక్కల మేష్టారు దగ్గుమందు కోసం నిలబడి ఉన్నారు. పాపం ఆయన గోడమీద టూత్‌పేస్టు ప్రకటనని పరీక్షకి చదివినట్టు చదివారు.

రివ్యూ ఏమిటి వదినా? హోటళ్ళకి వేసినట్టు నాకూ నక్షత్రాలు వేస్తారా? "మనిషి మంచిదే, సర్వీసు కాస్త నిదానం" అని రాస్తారా?

నువ్వు మీ డాక్టరమ్మ దగ్గర చేసే ఉద్యోగమే ఇది కదా. నీ బీరువాలో అట్టలకి కొదవా? రెండు అట్టలు కవర్లో పెట్టి పంపేయ్. చంకల దగ్గర పట్టేస్తోందని ఏడుస్తున్నావే, ఆ యూనిఫాం వదులు చేసి పెడతాను. నిజంగానే నాకు తీరిక లేదు. ఒక స్కూలు వాళ్ళు నాటకాల హాలుకి తెరలు కుట్టమన్నారు. నలభై తెరలు, అన్నిటికీ పోగులు ఊడకుండా అంచున పీకో వేయాలి. పొద్దున లేచింది మొదలు అటూ ఇటూ, అటూ ఇటూ, ఒకటే వంకర కుట్టు.

అన్నయ్యకి చెప్పకు. చెప్పినా అర్థం కాదనుకో. అయినా చెప్పకు.

ఇట్లు
నీ ఆడబిడ్డ కత్తెర

*

మార్చి 7, శుక్రవారం

శ్రీమతి కత్తెరగారి సముఖానికి,

రక్తపోటు వదిన రాయునది. పెళ్ళికి వెళ్ళినా బీపీ మిషన్ సంచిలో పెట్టుకెళ్తానని మీరంతా కలిసి పెట్టిన పేరేగా, నేనూ వాడుకుంటాను.

అట్టలు పంపను. పంపను గాక పంపను. నేను నర్సునా, పోస్టుమేన్‌నా? యూనిఫాం లంచం చూపిస్తే లొంగిపోతాననుకున్నావు చూడు, ఒక్క నిమిషం లొంగాను కూడా. తర్వాత తెలివొచ్చింది.

నా గది నువ్వు చూడలేదు కదూ. నీ షాపులో సగం ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పరదా వెనక ఒక మంచం, మూలన బరువు తూచే మిషన్. దాని మీదికి ఎక్కేముందు ప్రతి ఆడమనిషీ చెప్పులు విప్పుతుంది, గడియారం తీస్తుంది, ఒకావిడైతే చెవిపోగులు కూడా తీసి నా చేతిలో పెట్టింది. మంగళవారం పొద్దుటిపూట అంతా నాకు ఈ రివ్యూలే. ఒకరికి మాత్రలు, ఒకరికి మూడు నెలల ఇంజెక్షను, ఒకరికి లూప్ సరిగ్గా ఉందో లేదో చూడటం. మనిషికి పావుగంట. "మొన్ననేగా వచ్చాను" అని అందరూ అంటారు. కాగితం చూస్తే ఆ మొన్న మూడేళ్ళ కిందటిది.

నక్షత్రాలు వేయరు తల్లీ. బీపీ చూస్తారు, బరువు చూస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అవి మంచి మాత్రలే. కానీ అందరికీ, అన్ని వయసుల్లోనూ పడవు. ఎనిమిదేళ్ళలో మనిషి మారదా? బీపీ రావచ్చు, సిగరెట్లు మొదలుపెట్టవచ్చు. నువ్వు కాదులే, దారం పళ్ళతో తెంపడమే నీ దురలవాటు.

నా మాట విని వెళ్ళు. వెళ్ళకపోయినా నాకు నష్టం లేదు, ఇంకో మేనల్లుడో మేనకోడలో పుడతారు. పేరు కూడా నేనే పెట్టేశాను. బళ్ళో రివ్యూ, ఇంట్లో ముద్దుగా పెండింగ్.

మీ అన్నయ్య నిన్న కళ్ళజోడు కోసం గంటసేపు ఇల్లంతా వెతికారు. ఎక్కడుందో నేను చెప్పనక్కర్లేదు, ఆయన మొహం మీదే ఉంది.

ఉంటాను,
వదిన

*

మార్చి 17, సోమవారం

పెండింగ్‌కి కాబోయే అత్తయ్యకి,

వెళ్ళొచ్చాను. ఇక నీ మేనల్లుడి మీద ఆశలు వదులుకో. ఆరునెలల మాత్రలకి చీటీ ఇచ్చారు.

నర్సమ్మ చిన్న వయసే, మర్యాదగా మాట్లాడింది. నీలాగా కసరలేదు. బీపీ నూట పదహారు, డెబ్బై నాలుగు. వెన్నపూసలా ఉందంది. బరువు ఎంతో నేను చెప్పను, నువ్వు అడగకు. తర్వాత ఒక అట్ట మీద కాగితం పెట్టి, చేతికి పెన్నిచ్చి, అవునో కాదో టిక్కు పెట్టమంది. బయట ఏడుగురు కూర్చున్నారు, ఆవిడకీ తొందరే.

సిగరెట్లు తాగుతారా? లేదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా? లేదు. తలనొప్పులు వస్తుంటాయా? అక్కడ మాత్రం ఫక్కున నవ్వొచ్చింది. మా ఇంట్లో తలనొప్పి అంటే అన్నయ్యే కదా! నాన్న ఏనాడైనా వాడిని పేరు పెట్టి పిలిచారా? "ఆ తలనొప్పి ఎక్కడికి పోయింది" అనే అడిగేవారు. ఆ తలనొప్పి ఇప్పుడు నీ దగ్గరుంది కాబట్టి, లేదు అని టిక్కు పెట్టాను. నాకెంత హాయిగా ఉందో.

ఇంకో కబురు. నాకూ కళ్ళజోడు వచ్చేలా ఉంది. ఈ తెరల పని మొదలెట్టాక మిషన్ ఆపినా కళ్ళముందు పీకో నడుస్తూనే ఉంటోంది. ముందు ఒక చిన్న చుక్క. అది కొడవలిలా వంగుతుంది. దాని అంచంతా వెండిదారంతో పీకో వేసినట్టు మిలమిల్లాడుతూ పక్కకి జరుగుతూ పోతుంది. కళ్ళు మూసుకున్నా ఆగదు. ఇరవై నిమిషాలకి దానంతటదే పోతుంది. మా ఆయన, "మిషన్ నీ తలలోకి ఎక్కింది, దానికీ కాస్త నూనె వెయ్" అంటున్నారు. కళ్ళజోళ్ళ షాపుకి వెళితే అక్షరాలన్నీ కింది వరస దాకా చదివేశాను. చూపు భేషుగ్గా ఉందట. మరి ఈ వెండి కుట్టు ఎవరు కుడుతున్నట్టు?

యూనిఫాం పంపు. లంచం కాదు, అభిమానమే.

కత్తెర

*

మార్చి 21, శుక్రవారం

పరీక్ష పాసైన ఆడబిడ్డకి,

బీపీ చూసి ముచ్చటేసింది. ఈ వారం నేను చూసిన ముప్ఫైమందిలో ఎవరికీ అంత చక్కగా లేదు. కాగితం మీద టిక్కులు కూడా ముత్యాల్లా పెట్టి ఉంటావు.

ఇక కళ్ళముందు కుట్లంటావా, అమ్మాయ్, నలభై దగ్గరపడుతోంది, ఒప్పుకో. ఆ వయసులో ఒకరికి మోకాళ్ళు మాట్లాడతాయి, ఒకరికి కళ్ళు కుడతాయి. కాస్త మిషన్ ఆపి దూరంగా ఉన్న గోడవైపు చూస్తుండు. మీ అన్నయ్య కళ్ళజోడు ఇంట్లో మళ్ళీ పోయింది, దొరికితే నీకే పంపిస్తాను.

తలనొప్పి జోకు ఆయనకి చదివి వినిపించాను. "ఇందులో నవ్వేదేముంది" అన్నారు. అందుకే అంత నవ్వొచ్చింది.

యూనిఫాం ఈ ఉత్తరంతోనే వస్తోంది. చంకల దగ్గర రెండు వేళ్ళు వదులు చెయ్యి. మూడు అనాలి, సిగ్గేసి రెండన్నాను.

వదిన

*

మార్చి 28, శుక్రవారం

వదినమ్మగారికి,

నలభై అన్నావు. ముప్ఫై ఎనిమిదిన్నర. ఆ ఏడాదిన్నరకి నేను నీమీద అలిగి నాలుగు రోజులు ఉత్తరం రాయలేదు. గమనించావా? గమనించి ఉండవు.

అలక తీరాక రాస్తున్నాను. మొన్న షాపులో పెద్ద తమాషా అయింది. లైబ్రరీలో పనిచేసే ఆవిడ గౌను కొలతలకి వచ్చింది. భుజం కొలుద్దామని టేపు పట్టుకుని చూస్తే ఆవిడకి సగం మొహం లేదు! ఒక కన్ను, సగం ముక్కు, అంతే. మిగతా సగంలో నా వెండి పీకో తళతళలాడుతోంది. "నీలం దారం అందుకోండి" అనబోయి "నీలం ద్వారం అందుకోండి" అన్నాను. మళ్ళీ సరిచేయబోయాను, మళ్ళీ ద్వారమే వచ్చింది. ఆవిడ పాపం గుమ్మం వైపు చూసింది. అందరం పడీ పడీ నవ్వాం.

తర్వాత మామూలే, సగం తల వచ్చింది. అదే, అమ్మకి వచ్చేది చూడు. అమ్మ దాన్ని ఎప్పుడూ తలనొప్పి అనేది కాదు, "ఇవాళ నాకు సగం తల" అని గదిలోకి పోయి తలుపేసుకునేది. నాకూ అంతే. కుడిపక్క ఎవరో మేకు దింపుతున్నట్టుంటుంది, వెలుతురు చూస్తే వాంతి వస్తుంది. నాటకాల తెరల కింద దూరి పడుకుంటాను. అంత చీకటి ఇంకెక్కడా దొరకదు. ఇదివరకు ఏడాదికి ఒకటో రెండో, ఇప్పుడు ఈ నెలలోనే మూడు. తెరల పని అయిపోతే అదీ పోతుందిలే.

మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంటున్నాను. లేకపోతే నువ్వు ఊరుకుంటావా?

యూనిఫాం అయింది. మూడు వేళ్ళు కాదు, నాలుగు వదిలాను. నాకు సిగ్గు లేదు.

నీ ముప్ఫై ఎనిమిదిన్నర

*

ఏప్రిల్ 1, మంగళవారం, మధ్యాహ్నం

నీకు,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున రెండు రివ్యూల మధ్యలో చదివాను. వెంటనే ఫోన్ చేశాను. "ఆ మాత్రలు ఇవాళే ఆపెయ్" అన్నాను. నువ్వు, "పెండింగ్ కోసం అంత తొందరైతే నువ్వే కను వదినా, ఇవాళ ఏప్రిల్ ఒకటని నాకూ తెలుసు" అన్నావు. షాపులో అందరూ నవ్వడం వినిపించింది. నువ్వు పెట్టేశావు. తర్వాత ఐదుసార్లు చేశాను, ఎత్తలేదు. నీ తప్పేం లేదు. ఇన్నేళ్ళలో నీతో ఒక్క మాట సూటిగా అన్నది లేదు. ఇవాళ అంటే నువ్వెందుకు నమ్ముతావు?

అందుకని ఇది మీ అన్నయ్య చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. ఇందులో ఏముందో ఆయనకి చెప్పలేదు. నువ్వు మొత్తం చదివేదాకా కూర్చోవద్దన్నాను.

నీకు కళ్ళముందు కనిపించేది పీకో కాదు. కంటి దోషమూ కాదు, వయసూ కాదు. ఆ వెండి కుట్టు, ఆ తర్వాత వచ్చే సగం తల, రెండూ ఒకటే జబ్బులా ఉన్నాయి. దాన్ని మైగ్రేన్ అంటారు. ఇలా ముందుగా మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్ళు నువ్వు వేసుకునే రకం మాత్రలు వేసుకోకూడదు. వేసుకుంటే మెదడుకి వెళ్ళే రక్తనాళంలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పక్షవాతం రావచ్చు. అందరికీ వస్తుందని కాదు. కానీ నీకు వస్తే నేను బతకలేను.

ఇవాళ్టి మాత్ర వేసుకోకు. రేపు పొద్దునే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళు. నాకు రాసినట్టే కుట్టు, సగం మొహం, ద్వారం, అన్నీ చెప్పు. ఈలోగా మూతి పక్కకి లాగినా, చెయ్యి పట్టుతప్పినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళు. ఇది మీ ఆయనకి కూడా చెప్పు.

నేను పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళని కూడా "తలనొప్పికి ముందు కళ్ళముందు ఏమైనా కనిపిస్తుందా" అని అడుగుతాను. నువ్వు మార్చి 17న అడక్కుండానే చెప్పావు. నేను కళ్ళజోడని నవ్వాను. ఆ తప్పు నాది. నన్ను క్షమించు.

మీ వదిన

*

ఏప్రిల్ 12, శనివారం

వదినా,

అన్నయ్య నాలుగింటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి కవరు చాచి "చదువు" అన్నాడు. కూర్చోరా అంటే "చదివాకే" అన్నాడు. మంచినీళ్ళిస్తే "తాగొచ్చో లేదో చెప్పలేదు" అన్నాడు. షాపంతా నవ్వుతోంది. నేనూ నవ్వుతూనే విప్పాను. ఎక్కడో ఒకచోట వెటకారం ఉంటుంది కదా, దానికోసం వెతుక్కుంటూ చదివాను. చివరిదాకా లేదు. కాగితం తిప్పి వెనకవైపు చూశాను. అక్కడా లేదు. అప్పుడు నా గుండె గుభేలుమంది. జబ్బు పేరు చూసి కాదు వదినా. నువ్వు "నన్ను క్షమించు" అన్నావే, అది చూసి.

మిషన్ ఆపేశాను. బడి వదిలే వేళ, పిల్లలిద్దరూ ఒకళ్ళ సంచీ ఒకళ్ళు లాక్కుంటూ వచ్చారు. పెద్దాడు "అమ్మా, ఏడుస్తున్నావా" అన్నాడు. ఉల్లిపాయలన్నాను. టైలరు షాపులో ఉల్లిపాయలేమిటని మీ చిన్న మేనకోడలు ఇప్పటికీ అడుగుతోంది.

మర్నాడు వెళ్ళాను. అన్నయ్య ససేమిరా వినకుండా వెంట వచ్చాడు, నిన్ను చూసి నేర్చుకున్న పట్టుదల. డాక్టరుగారు మొత్తం విన్నారు. నా కాగితం తీసి, "ఇక్కడ తలనొప్పి లేదని మీరే పెట్టారు కదమ్మా" అన్నారు. "అది మా అన్నయ్యండీ" అన్నాను. పక్క కుర్చీలో ఉన్నాడు కదా, ఆయన వాడివైపు చూశారు, వాడు ఆయనవైపు చూశాడు. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. విడమరిచి చెప్పేసరికి ఆయన పెన్ను కిందపెట్టి నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "మీ వదిన ఎవరోగానీ మంచిపని చేసింది" అన్నారు. నువ్వు చెప్పిందే ఆయనా చెప్పారు. ఆ మాత్రలు ఇక జన్మలో వద్దట. సగం తలకి వేరే మందు రాసిచ్చారు.

వాటి బదులు ఏమేమున్నాయో నర్సమ్మ బల్లమీద పరిచి చూపించింది. ఇంకోరకం మాత్రలు, చేతిలో చర్మం కింద పెట్టే పుల్ల, లూప్. ఆ లూప్ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్న కాడకి రాగితీగ చుట్టి ఉంది, అచ్చం దారం చుట్టిన బాబిన్! కిందికి రెండు దారాలు కూడా వేలాడుతున్నాయి. "ఇదే పెట్టండి, దీని సంగతి నాకు తెలుసు" అన్నాను. గురువారం పెట్టారు. చురుక్కుమంది, అంతే. "ఆరు వారాలకి దారాలు చూడాలి, రండి" అంది. దారాలు సరిగ్గా ఉన్నాయో లేదో నాకే చెప్తుందట!

ఇక నీ తప్పు సంగతి. నేను రెండుసార్లు రాశాను. ఒకసారి నవ్వావు, రెండోసారి బస్సు పంపావు. లెక్క సరిపోయింది. ఇంకెప్పుడూ క్షమించు అని రాయకు. వెటకారం లేని ఉత్తరం ఇంటికి వస్తే ఈసారి విప్పకుండా తిప్పి పంపుతాను.

దీంతో ఒక గుడ్డముక్క పెట్టాను. నల్లగుడ్డ మీద వెండిదారం. నాకు కనిపించేది కనిపించినట్టు కుట్టాను, చుక్క దగ్గర్నుంచి కొడవలి దాకా. నోటితో చెబితే కళ్ళజోళ్ళ షాపువాళ్ళకి ఎక్కలేదు, కాగితం మీద టిక్కులో పట్టలేదు. నాకు చేతనైంది కుట్టే కదా.

కత్తెర

*

ఏప్రిల్ 22, మంగళవారం

బాబిన్ గారికి,

యూనిఫాం అందింది. నాలుగు వేళ్ళు వదిలానని గొప్పలు పోయావు, ఐదు ఉండాల్సింది. దర్జీవే గానీ కంటి చూపు తగ్గింది. నలభై కదా మరి.

మీ అన్నయ్య ఉత్తరం చదవలేదట. "నాకెందుకు" అంటున్నారు. కానీ వచ్చిన దగ్గర్నుంచి పొద్దునా సాయంత్రం నన్ను "నీకు తలనొప్పి ఉందా" అని ఒకటే అడగడం. "ఉంది, ఎదురుగా నిలబడింది" అంటున్నాను. పాపం, మొహం చూస్తే నిజంగానే భయపడినట్టున్నారు. బస్సులో మూడు గంటలూ కవరు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నారట. నిన్న రాత్రి భోజనం దగ్గర చెప్పారు.

నీ గుడ్డముక్క నా బల్లమీద అద్దం కింద పెట్టాను. డాక్టరమ్మ చూసి ముందు పుస్తకంలో బొమ్మ అనుకుంది. ఇవాళ రివ్యూలకి పదకొండుమంది వచ్చారు. మామూలు ప్రశ్నలన్నీ అడిగాక, ఆ ముక్కమీద వేలు పెట్టి, "ఇలాంటిది ఎప్పుడైనా కళ్ళముందు కనిపించిందా?" అని అడిగాను. కొంతమంది ఎంత బాగా కుట్టారండీ అన్నారు. ఒకావిడ ఆర్డర్లు తీసుకుంటారా అని కూడా అడిగింది, అడ్రసు ఇచ్చాను.

తొమ్మిదో ఆవిడ బడిలో టీచరు. ఆరేళ్ళుగా అవే మాత్రలు. తలనొప్పులు లేవంది, వస్తే కాస్త కాఫీ తాగి పడుకుంటానంది. బీపీ వెన్నపూస. చీటీ కోసం బ్యాగు భుజాన వేసుకుని లేచింది కూడా. లేచినామె అద్దం కిందికి చూసి అలాగే నిలబడిపోయింది. బ్యాగు మళ్ళీ కింద పెట్టింది.

"ఇది మీకెవరు చెప్పారు?" అంది.

"మా ఆడబిడ్డ కుట్టింది. కూర్చోండి" అన్నాను.

మే 22కి నీకు ఆరు వారాలు. దారాలు చూపించుకుని రా. మర్చిపోయావో, తలనొప్పిని మళ్ళీ బస్సెక్కిస్తాను.

రక్తపోటు వదిన